చస్తే బావ బ్యాటరీ

గొడుగు కొనడానికి వెళ్లినవాడు రంగు అడుగుతాడు, ధర అడుగుతాడు. బావ మాత్రం ఒక వానరోజు పొద్దున గొడుగుని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, షాపువాడి కళ్లలోకి సూటిగా చూసి, "ఇది చస్తే?" అని అడిగాడు.

"ఏది చస్తే సార్?"

"గొడుగయ్యా. నడివానలో చచ్చిందనుకో. తెరుచుకుని చస్తుందా, మూసుకుని చస్తుందా?"

"గొడుగులు చావవు సార్. చిరుగుతాయి."

"చావనిది లోకంలో ఏదీ లేదు నాయనా. ఎలా చస్తుందో చెప్పు, ఇప్పుడే కొంటాను."

షాపువాడు గొడుగుని మడిచి లోపల పెట్టేశాడు. బావ తడుస్తూ ఇంటికొచ్చాడు.

బావకి ఉన్న జబ్బు ఇదొక్కటే. వస్తువు బాగున్నప్పుడు ఏం చేస్తుందో ఆయనకి అక్కర్లేదు. పాడైనప్పుడు ఏం చేస్తుందో కావాలి. మంగలి దగ్గర కూర్చుని "ఈ కత్తెర సగంలో చస్తే?" అని అడిగి, రెండో కత్తెర కళ్లతో చూశాకే తల వంచుతాడు. రక్తపోటుకి మాత్ర రాసిన డాక్టర్ని "ఈ మాత్ర చస్తే?" అని అడిగాడు. "మాత్ర చావదండీ, మహా అయితే..." అని మొదలుపెట్టిన డాక్టరు మధ్యలో నాలిక కరుచుకున్నాడు. తన పెళ్లిలోనే, తల మీద అక్షింతలు ఇంకా ఆరకముందే, ఫొటోగ్రాఫర్ని పక్కకి పిలిచి "కెమెరా చస్తే?" అన్నాడు. అది నిజంగానే చచ్చింది. బావ ముందే చెప్పి ఉంచిన రెండో కెమెరాతో ఫొటోలు కానిచ్చారు. జీవితంలో ఒక్కసారి నిజమైన మాటని పట్టుకుని బావ ఇప్పటిదాకా బతికేస్తున్నాడు. వీధిలో పెద్దలకి ఆయన చస్తేగారు, పిల్లలకి చస్తే అంకుల్.

ఆయన్ని దగ్గరగా చూసి, ఎక్కువగా నష్టపోయినవాడు బావమరిది. సందు చివర మొబైల్ షాపు అతనిది. ఫోను కొనడానికి వచ్చిన మనిషిని టీ చల్లారేలోగా సంచీతో సహా బయటికి పంపగలడని పేరు. అలాంటివాడికి ఇలాంటి బావ దొరికాడు. దేవుడికి కూడా అప్పుడప్పుడు పొద్దుపోదు.

బావ ఉద్యోగమంతా లిఫ్టుల దగ్గర గడిచింది. లిఫ్టులు బిగించాడు, బాగుచేశాడు, వాటి నెత్తి మీద కూర్చుని అన్నం తిన్నాడు. జబ్బు అక్కడే అంటుకుంది. ఎవరైనా పొరపాటున "లిఫ్టు తెగి పడితే ఎలా?" అన్నారంటే ఆ పూట అంతే సంగతులు.

"పడదు!" అని కుర్చీ ముందుకి జరుపుకునేవాడు. "లిఫ్టుకి బ్రేకు వెయ్యడానికి కరెంటు అక్కర్లేదు. బ్రేకు తియ్యడానికే కరెంటు కావాలి. కరెంటు చచ్చిందా, స్ప్రింగు వచ్చి బ్రేకుని కరిచిపెట్టుకుంటుంది. చచ్చినా పట్టుకునే ఉంటుంది. మనిషి వేలాడతాడేమోగాని పడడు. అదీ వస్తువంటే!"

"మనిషి వేలాడటం బావుంటుందా బావా?"

"పడటం కంటే బావుంటుందిరా బామ్మర్దీ."

ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది అక్క ఐస్‌క్రీంతో మొదలైంది.

అక్క అంటే బావ భార్య, ఇంట్లో ఐస్‌క్రీం చేసి అమ్ముతుంది. వంటింటికీ వెనకగదికీ మధ్య నడవాలో శవపేటికంత ఫ్రీజరు. ఆ పోలిక బావదే. ఒక ఎండాకాలం కరెంటు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పోయింది. అక్క చేసిన స్ట్రాబెర్రీ అంతా గులాబీ రంగు వాగై గడప దాటి వీధిలోకి పారింది. వీధికుక్కలు ఆ గడపకి చాలా రోజులు భక్తితో వచ్చి వెళ్లాయి. అక్క ఏడవలేదు. మిగిలినదాన్ని గిన్నెలోకి వంచి చారు తాగినట్టు తాగింది. బావ అది చూశాడు. మర్నాడే, "ఇంటికి బ్యాటరీ నేనే కడతాను" అని ప్రకటించాడు.

కట్టాడు కూడా. నీలం ఇటుకల్లాంటి సెల్స్ తెప్పించి ఇనపరాక్‌లో పేర్చాడు. పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టాడు. ఇన్వర్టరు వచ్చింది. బొటనవేలంత లావు వైర్లు వచ్చాయి. సెల్స్ మరీ నిండిపోకుండా, మరీ ఎండిపోకుండా చూసే కాపలా బోర్డు వచ్చింది. అది ఎవరి మాటా వినదనీ, తేడా వస్తే తనంతట తానే తెంచేస్తుందనీ బావ గర్వంగా చెప్పాడు.

"మీ చుట్టమేనా?" అంది అక్క.

ఇంక రావాల్సింది ఒక్కటే. ఎండ ఉంటే పలకల నుంచి నింపాలా, లైను నుంచి నింపాలా, కరెంటు పోయిన క్షణంలో ఫ్రీజరుని ఎటు తిప్పాలా అని నిర్ణయించే కంట్రోలరు. ఒళ్లంతా తయారైంది, మెదడు రాలేదు. మెదడు దగ్గర బావ ఆగాడు. ఒక ఎండాకాలం వెళ్లింది. ఇంకో ఎండాకాలం వచ్చింది. రాక్ మీద దుమ్ము పడుతోంది, అక్క దాని మీద ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు బోర్లిస్తోంది.

అప్పుడు బావమరిది ఒక మంచిపని చేశాడు. తన షాపుకి ఫోను రిపేరుకి వచ్చిన సంగీతం బడి పెద్దమేడంకి అక్క చేసిన పిస్తా కప్పు రుచి చూపించాడు. ఆవిడ రెండోది అడిగి తిని, బడి వార్షికోత్సవానికి మొత్తం ఐస్‌క్రీం ఆర్డరు అక్కకే ఇచ్చేసింది. ఆదివారం సాయంత్రం కార్యక్రమం. నచ్చితే బడి క్యాంటీన్‌కి ఏడాది పొడుగునా అక్కే వెయ్యాలి. అక్కకి వీధి మలుపులో చిన్న షట్టరు గది అద్దెకి తీసుకుని బోర్డు కట్టాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఈ క్యాంటీను దక్కితే ఆ షట్టరు దక్కినట్టే.

ఆ వారంలోనే కరెంటాఫీసువాళ్లు ప్రకటన అంటించారు. లైను మరమ్మతు. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదు.

అక్క ప్రకటన చదివి, ఫ్రీజరు వైపు చూసి, బావ వైపు చూసింది. ఆ చూపుకి మామూలు మనిషైతే ఆ సాయంత్రానికే కంట్రోలరు కొనేసేవాడు.

బావమరిది అదే చెప్పాడు. "బావా, మాట ఇచ్చింది నేను. నేనొకటి తెస్తాను, నువ్వు పెట్టెయ్. అంతే."

మొదట వేలెడంత బోర్డు తెచ్చాడు. చవక. ప్రోగ్రాం ఎక్కిస్తే చెప్పినట్టు చేస్తుంది. బావ దాన్ని భూతద్దంలో చూశాడు.

"ఇది చస్తే?"

"చస్తే ఆగిపోతుంది."

"ఆగితే మంచిదే. ఆగకుండా బిగుసుకుపోతే? లోపల మతిపోయి, పైకి దీపం వెలుగుతూ ఉంటే? చావడం ఒక ఎత్తు, చచ్చిన సంగతి నలుగురికీ తెలియకపోవడం ఇంకో ఎత్తు."

"దానికి లోపల ఒక కాపలాకుక్క ఉంటుంది బావా. బోర్డు మొద్దుబారితే అది తట్టి లేపుతుంది."

"ఆ కుక్క చస్తే?"

బావ ఆ బోర్డుని వెనక్కిస్తూ ఒక పనికిరాని ప్రశ్న వేశాడు. "మీ అక్క కళ్లద్దాలు ఎక్కడ పెడుతుందో నీకు తెలుసా?"

"నాకెలా తెలుసు?"

"తనకీ తెలియదు. ఇంత చిన్న దీపం ఎర్రగా ఉందో పచ్చగా ఉందో ఎవరు చూస్తారు?" అని లేచి వెళ్లిపోయాడు.

రెండోసారి అరచేతంత కంప్యూటర్ తెచ్చాడు. దానికి రంగుల తెర. గ్రాఫులు పాకుతున్నాయి, అంకెలు మిణుకుమంటున్నాయి. బావమరిదికి దాన్ని చూస్తే తన షాపులోనే పెట్టుకోవాలనిపించింది. బావ అయిదు నిమిషాలు మెచ్చుకుని, అది నడుస్తూ ఉండగా ప్లగ్గు ఠక్కున పీకేశాడు. మళ్లీ పెట్టాడు. పీకాడు. పెట్టాడు. ఇంకోసారి పీకి పెట్టేసరికి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వచ్చి నిలబడిపోయాయి. మెమరీ కార్డు పోయింది.

"చూశావా! కరెంటు పోయినప్పుడు పనిచెయ్యాల్సింది, కరెంటు పోతే చస్తోంది. తుమ్మితే ఊడిపోయే ముక్కు మనకెందుకురా?"

"అలా పీకితే ఏనుగైనా చస్తుంది బావా!"

"ఏనుగు చస్తే కింద పడుతుంది, తెలుస్తుంది."

మూడోది ఖరీదైనది. తెల్లటి పెట్టె, మొత్తం ఫోనులోంచే నడుస్తుంది. ఊళ్లో లేకపోయినా ఫ్రీజరు చల్లదనం వేలికొనలో ఉంటుందని బావమరిది ఊదరగొట్టాడు. అతని ధీమా అంతా దాని మీదే.

"నెట్టు చస్తే?" అన్నాడు బావ.

"మళ్లీ వస్తుంది."

"కంపెనీ చస్తే?"

"కంపెనీ ఎందుకు చస్తుంది బావా? అంత పెద్ద కంపెనీ!"

"పాస్‌వర్డు గుర్తున్నవాడు చస్తే?"

"ఇంక నేనే చస్తాను బావా, నన్నొదిలెయ్!"

"అది సరే. మీ అక్క చేతులు ఎప్పుడు పొడిగా ఉంటాయో చెప్పు."

"అదేం ప్రశ్న?"

"పాలో, పంచదారో, మంచో, ఏదో ఒకటి ఉంటుంది చేతులకి. ఆ వేళ్లతో ఫోను తెర మీద రుద్దితే ఏమవుతుంది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు." పెట్టె వెనక్కి వెళ్లింది.

ఆ రోజు బావమరిది ఇంటికి వెళుతూ అక్కతో అన్నాడు. "అక్కా, ఈయన కంట్రోలర్ కొనడు. పెళ్లికొడుకు నచ్చలేదని చెప్పలేక జాతకం బాలేదనే రకం. ఆర్డర్ వదులుకుందాం. నేను మేడంకి చెప్పుకుంటాను."

"శనివారం దాకా ఆగరా," అంది అక్క పాలు కలుపుతూ. ఆవిడ గొంతులోనూ నమ్మకం పెద్దగా లేదు.

గురువారం బావ చంకలో ఒక బూడిదరంగు డబ్బాతో దిగాడు. మూతపడిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో యంత్రాలు నడిపిన పాత కంట్రోలరు. పాత యంత్రాల సామాను ఇంటినిండా పోగేసుకున్న స్నేహితుడొకడు ఎత్తయిన అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, అతని దగ్గర తెచ్చాడు. డబ్బాకి తెర లేదు, అందం లేదు, పీల్చి చూస్తే పిండి వాసన. కానీ దాన్ని బావ ముద్దుచేస్తూ ఉంటే బావమరిదికి ఇప్పుడు పై ఊళ్లో ఉంటున్న తన మేనల్లుడు పుట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా ఈయన ఇంత మురవలేదు.

"ఇది చస్తే?" అన్నాడు బావమరిది ఈసారి, కసిగా.

బావ ముఖం చేటంత అయింది. జీవితంలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి బావమరిదే. "అలా అడుగు! ఇది చచ్చిందా, ఇదిగో ఈ పెద్ద స్విచ్చిలో స్ప్రింగు ఉంది, టక్కుమని వెనక్కొస్తుంది. ఫ్రీజరు మామూలు లైను మీదికి పోతుంది. లిఫ్టు బ్రేకులాగే."

"లైన్లో కరెంటు లేకపోతే?"

"అప్పుడు ఇది." బావ ఒక ఇనప పిడి చూపించాడు. ఏదో లిఫ్టు మీద నుంచి వచ్చిన, జానెడు పొడుగున్న పిడి. "దీన్ని కిందికి నొక్కితే ఫ్రీజరు నేరుగా బ్యాటరీ ఇన్వర్టరు మీదికి వస్తుంది. మెదడు అక్కర్లేదు."

"మెదడు అక్కర్లేకపోతే ఇన్నాళ్లూ మెదడు కోసం చంపావెందుకు బావా? పిడి ఒక్కటే చాలుగా?"

"పిడి నొక్కడానికి మనిషి ఇంట్లో ఉండాలి కదరా. మీ అక్క బజారుకెళ్తే?"

ఇదీ బాగానే ఉంది. బాగాలేనిది ఆ పిడిని బిగించిన చోటు. ఎవరైనా స్విచ్చిని గోడ మీద, కంటి ఎత్తులో, కుడిచేతికి అందేలా పెడతారు. బావ నడవా మలుపులో, ఎడమవైపు, నడుం కంటే జానెడు పైన పెట్టాడు. పిడి దారిలోకి పొడుచుకొచ్చింది. వచ్చేపోయేవాళ్ల డొక్కలో తగలడం తప్ప దానికి ఇంకో ఉపయోగం కనిపించలేదు. బావమరిది ఆ ఒక్కరోజే మూడుసార్లు పొడిపించుకున్నాడు.

"ఇంత బుద్ధిలేని చోట స్విచ్ పెట్టినవాణ్ణి ఎక్కడా చూళ్లేదు బావా!"

"నీ బుద్ధి ఉన్న చోట పెడితే ఎవరికీ అందదు," అన్నాడు బావ స్క్రూ బిగిస్తూ.

ఆ క్షణం నుంచి బావ కంట్రోలర్ని చంపడం మొదలుపెట్టాడు. దాని కరెంటు వైరు పీకుతాడు. టక్. చెవి ఒగ్గి వింటాడు, "భేష్, బాగా చచ్చింది" అంటాడు, మళ్లీ పెడతాడు. టిఫిన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. స్నానానికి వెళుతూ ఒకసారి, తువ్వాలుతో వస్తూ ఒకసారి. పేపరువాడు వచ్చినా, పాలవాడు వచ్చినా లోపలికి పిలిచి చంపి చూపించేవాడు.

శనివారం మధ్యాహ్నం బావమరిది వెళ్లేసరికి వీధి తలుపు తీసే ఉంది. నడవాలో బావ వెల్లకిలా పడి ఉన్నాడు. చేతులు గుండెల మీద, కళ్లు మూసి. పక్కన అక్క రెండు చేతుల్లో ట్రే పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడి ఉంది.

"బావా!" అని బావమరిది గావుకేక పెట్టాడు.

"అరవకురా, చచ్చాను," అంది శవం.

బావమరిది గోడకి ఆనుకుని, పిడి డొక్కలో తగిలి, ఎగిరి పక్కకొచ్చాడు.

"పొద్దుట్నించీ ఇదే వరస," అంది అక్క. "ఈయన పోయారట. కరెంటు పోయిందట. కంట్రోలరూ పోయిందట. నేనొక్కదాన్నే మిగిలానట. ఏం చెయ్యాలో చెప్పకుండా చెయ్యాలట."

"దీనికి చావడం ఎందుకు బావా? పక్కకెళ్లి కూర్చోవచ్చుగా?"

"కూర్చుంటే నోరు ఊరుకోదు, నిలబడితే చెయ్యి ఊరుకోదు," అన్నాడు బావ కళ్లు తెరవకుండా. "పడుకుంటేనే నన్ను నేను పట్టుకోగలను. ఏమేవ్, కానీ. ఆ పిడి..."

"శవాలు సలహాలివ్వవండీ."

"ఇవ్వవు. కానీ ట్రే కింద పెట్టకు. మొన్న చెప్పాను కదా, ట్రే చేతిలో ఉండగానే..."

"మళ్లీ!"

శవం పెదాలు బిగించుకుంది. బావమరిది ఇంక అక్కడ ఉంటే తనకీ ఏదో ఒకటి అవుతుందని షాపుకి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ఫ్రీజరులో ఆఖరి విడతకి తప్ప చోటు లేదు, అన్నీ కప్పులే. మూతకి బయట ఉన్న చల్లదనం మీటరు మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది. కంట్రోలరు సిద్ధం, బ్యాటరీ నిండుగా ఉంది. ఇలాంటప్పుడు మనిషి కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకోవాలి. బావ చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇప్పుడెక్కడికండీ?" అంది అక్క.

"ఆ స్నేహితుడి దగ్గర ఇలాంటిదే ఇంకో కంట్రోలర్ ఉంది. ఇది చస్తే చేతిలో ఒకటి ఉండాలి కదా. తొమ్మిదింటికి ముందే వచ్చేస్తాను."

కరెంటాఫీసువాళ్లు చరిత్రలో మొదటిసారి చెప్పిన టైముకంటే ముందే పని మొదలుపెట్టారు. ఎనిమిదిన్నరకే లైను తీసేశారు.

బావమరిది అప్పుడే షాపు షట్టరు ఎత్తుతున్నాడు. ఫోను మోగింది.

"ఒరేయ్ బామ్మర్దీ! లిఫ్టులో ఉన్నాను. రెండు అంతస్తుల మధ్య ఆగింది." బావ గొంతులో కంగారు లేదు. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల గొంతులా ఉంది. "బ్రేకు ఎంత చక్కగా పట్టుకుందనుకున్నావు! కుదుపన్నది లేదు. ఎవడు బిగించాడోగాని చేతులకి దణ్ణం పెట్టాలి."

"బావా, జనరేటర్ లేదా అక్కడ?"

"ఉంది. డీజిల్ లేదు. వాచ్‌మన్ పైకెళ్లి చేత్తో బ్రేకు తీస్తానంటున్నాడు. తీశావంటే తంతానన్నాను. నేర్చుకోనివాడు బ్రేకు ముట్టుకోకూడదు. నేనిక్కడ హాయిగా ఉన్నాను. నువ్వు ఇంటికెళ్లు. అక్కడ కంట్రోలరు..."

మాట ఆగిపోయింది. బావమరిది మళ్లీ చేశాడు. స్విచ్చాఫ్. బావ ఫోను చచ్చింది. గొడుగు దగ్గర్నుంచి కంపెనీల దాకా అన్నిటి చావూ అడిగిన మనిషి, జేబులో ఉన్న ఫోను చావు సంగతి అడగలేదు. ఆ ఫోను అమ్మింది బావమరిదే. బ్యాటరీ అద్భుతంగా ఆగుతుందని చెప్పి మరీ అమ్మాడు.

షట్టరు సగంలో వదిలేసి పరిగెత్తాడు.

ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది. కరెంటు లేదు, ఫ్రీజరు మాత్రం గుర్రుమంటోంది. బూడిదరంగు డబ్బా తన పని తాను చేస్తోంది. అక్క వంటింట్లో ఆఖరి విడత కోసం పిస్తా పలుకులు తరుగుతోంది. బావ లిఫ్టులో ఉన్నాడని వినగానే, "వేలాడుతున్నారా, పడ్డారా?" అంది.

"వేలాడుతున్నాడు."

"అయితే సంతోషంగానే ఉండుంటారు."

బావమరిది ఊపిరి పీల్చుకుని ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం దాటింది. అక్క ఆఖరి ట్రేని రెండు చేతులా ఎత్తుకుని నడవాలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే, టక్.

ఫ్రీజరు గురక ఆగింది.

బావమరిది ఒక్క గెంతులో కంట్రోలరు దగ్గరికి వెళ్లాడు. దాని కరెంటు వైరు ఊడి వేలాడుతోంది. ఎవరూ లాగలేదు, ఎలక కొరకలేదు. గురువారం నుంచి పీకి పెట్టి, పీకి పెట్టి బావ ఆ వైరుని పట్టి ఉంచే స్క్రూని అరగదీశాడు. పరీక్షలకే ప్రాణం పోయింది. బావమరిది వైరుని వేలితో తోస్తే నిలవలేదు. స్క్రూడ్రైవర్ కోసం చూశాడు. అది బావ జేబులో, బావ లిఫ్టులో. పిడి గుర్తొచ్చింది. కుడిచెయ్యి చాచాడు, ట్రేతో ఉన్న అక్క అడ్డం. అటు తిరిగాడు, మోచెయ్యి గోడకి కొట్టుకుంది. చెయ్యి మొద్దుబారిపోయింది.

"అక్కా! ట్రే పక్కన పెట్టు! పిడి! పిడి!"

"తప్పుకోరా," అంది అక్క.

ట్రే కింద పెట్టలేదు. అడుగు కూడా ఆపలేదు. నడుస్తూ నడుస్తూనే ఎడమ మోచేత్తో పిడిని కిందికి ఒక్క నొక్కు నొక్కింది. ఆ పిడి ఎత్తూ, ఆవిడ మోచెయ్యి ఎత్తూ వెంట్రుకవాసి తేడా లేదు. ఫ్రీజరు గుర్రుమంది. అక్క తుంటితో మూత ఎత్తి, ట్రే లోపల పెట్టి, మూత దించింది.

బావమరిది నొప్పెడుతున్న మోచెయ్యి పట్టుకుని ఆ పిడినే చూస్తున్నాడు.

"ఇది ఇక్కడ ఎందుకు పెట్టాడు అక్కా?"

"ఎందుకేమిటి? స్క్రూ బిగించే ముందు రెండు చేతుల్లో నిండు ట్రే పెట్టి, వంటింట్లోంచి ఇక్కడికీ, ఇక్కణ్ణుంచి అక్కడికీ నన్ను నడిపించారు మహానుభావులు. సుద్దముక్కతో నా మోచేతికి గోడ మీద గుర్తు పెట్టారు. ఐస్‌క్రీం తోడి తోడి నా కుడి మణికట్టు పట్టేస్తుంది కదా, అందుకని ఎడమవైపు."

కళ్లద్దాలు ఎక్కడ పెడుతుందో తెలుసా. చేతులు ఎప్పుడు పొడిగా ఉంటాయి. బావమరిదికి ఆ పనికిరాని ప్రశ్నలన్నీ ఇప్పుడు వరసగా వచ్చి చెంపలు వాయించాయి. షాపులో తాను ఎన్ని ఫోన్లు అమ్మాడో, కొన్నవాళ్ల వేళ్లు ఒక్కసారైనా చూశాడో లేదో గుర్తు రాలేదు.

"నీ బోర్డులు చస్తే అని కాదురా ఆయన గోల," అంది అక్క చేతులు కడుక్కుంటూ. "ఆయన పోతే నేను ఎవరి కోసం పరిగెత్తాలా అని. నేను ముందే ఆయనతో అన్నాను, మీకేం, మీరు గట్టిగా ఉన్నారు, ఇంకా నన్ను చాలాకాలం విసిగిస్తారు అని. వింటేనా. అంతా తిక్క."

"ఇప్పుడు కూడా తిక్కే అంటావా?"

"ఇప్పుడూ తిక్కే. కాకపోతే పనికొచ్చే తిక్క." సాయంత్రం కావస్తుండగా అక్క ముఖం తుడుచుకుని, బడి వ్యాను ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి వీధిలోకి వెళ్లింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "వ్యాను వచ్చేదాకా ఆ మూత ఎత్తావంటే చంపుతాను," అంది.

వ్యాను ఇంటి ముందు ఆగేసరికి, డీజిల్ దొరికి లిఫ్టు కిందికి దిగి, బావ కూడా చంకలో రెండో కంట్రోలరుతో ఆటో దిగాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, ముఖం వెలిగిపోతోంది. రాగానే నడవాలోకి వెళ్లాడు. ఊడిన వైరు చూశాడు. కిందికి దిగి ఉన్న పిడి చూశాడు. కంట్రోలరు చచ్చినందుకు మనిషి అంత సంతోషించడం బావమరిది ఎక్కడా చూడలేదు.

"ట్రే చేతిలో ఉందా?" అని అడిగాడు అక్కని.

"ఉంది."

"కింద పెట్టావా?"

"లేదు."

"నేను లేకుండా ఎలా జరిగింది?"

"మీరు లేరు కాబట్టి త్వరగా జరిగింది. సలహాలు లేవు. కాళ్లు కడుక్కుని రండి, మజ్జిగ ఇస్తాను."

బావ కాళ్లు కడుక్కోలేదు. వ్యానులోకి కప్పులు ఎక్కించే ముందు మీటరు చూడాలన్నాడు. వంగి చూశాడు. మైనస్ పదిహేడు.

"పొద్దున పద్దెనిమిది కదా?"

"అవును," అంది అక్క.

"ఒక డిగ్రీ ఎక్కడికి పోయింది? మూత ఎవరైనా ఎత్తారా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. అతని నాలిక మీద పిస్తా ఇంకా పూర్తిగా కరగలేదు.

"ఆ పాత డబ్బా లెక్క తప్పిందేమో బావా," అన్నాడు.

బావ డబ్బా వైపు చూసి తలూపాడు. "నిజమే. అయితే ఇంకో కంట్రోలర్ చూడాలి."

మర్నాడు పొద్దున షాపు షట్టరు ఎత్తగానే బావమరిదికి మొదటి బేరం బావే.